ఊరి పక్కన పెట్రోలు టెర్మినల్ ఉంటే: అనుమతి కాగితాలు ఎలా చదవాలి, ఎవరిని ఏమడగాలి

విశాఖపట్నంలో మల్కాపురం, విజయవాడ దగ్గర కొండపల్లి, హైదరాబాదు అంచున చర్లపల్లి, ఘట్‌కేసర్, నెల్లూరు తీరాన కృష్ణపట్నం. ఈ పేర్లు వినగానే తెల్లటి పెద్ద ట్యాంకులూ, రోడ్డు పక్కన బారులు తీరిన ట్యాంకర్ లారీలూ గుర్తుకు వస్తాయి. పైపులైనులోనో, ఓడలోనో, రైలు వ్యాగన్లలోనో వచ్చిన పెట్రోలు, డీజిలు, కిరోసిన్, విమాన ఇంధనం ఇలాంటి చోట కొన్నాళ్ళు నిల్వ ఉండి, అక్కడి నుంచి లారీల్లో బంకులకు చేరతాయి. వీటి చుట్టుపక్కల కాపురం ఉండేవారికి ఆ వాసన అలవాటే గాని, ఆ టెర్మినల్ ఏయే షరతుల మీద నడుస్తున్నదో తెలిసినవారు అరుదు. ఆ షరతులను సంపాదించి, చదివి, అవసరమైనప్పుడు ప్రశ్నించడం ఎలాగో టెర్మినల్ పొరుగువారికి, పంచాయతీ సభ్యులకు, కాలనీ సంఘాల వారికి ఈ వ్యాసంలో వరసగా చెబుతాను.

ముందుగా ఒక్క మాట. "వాసన భరించలేకపోతున్నాం, చర్య తీసుకోండి" అని రాసిన అర్జీకి వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: తనిఖీ చేశాము, పరిమితుల్లోనే ఉంది. అదే అర్జీలో "మీరు ఫలానా తేదీన ఇచ్చిన అనుమతిలోని ఫలానా సంఖ్య గల షరతు ప్రకారం జరగవలసిన పని జరిగిందా, జరిగితే దాని రికార్డు ప్రతి ఇవ్వండి" అని రాస్తే, అధికారి ఆ షరతును తీసి చూడక తప్పదు. కింద చెప్పే అంచెలన్నీ ఆ రెండో రకం అర్జీ రాయగలగడానికే.

మొదటి అంచె: లోపల ఏముందో తెలుసుకోండి

పెట్రోలియం రూల్స్ 2002 ప్రకారం ఇంధనాలను వాటి ఫ్లాష్ పాయింట్‌ను బట్టి, అంటే ఎంత వేడి దగ్గర వాటి ఆవిరి నిప్పు అందుకుంటుందో దాన్ని బట్టి, తరగతులుగా విభజించారు. 23 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువైతే ఎ తరగతి, 23 నుంచి 65 లోపు బి తరగతి, 65 నుంచి 93 లోపు సి తరగతి. పెట్రోలు ఎ తరగతికి, డీజిలు, కిరోసిన్ బి తరగతికి, ఫర్నేస్ ఆయిల్ సి తరగతికి చెందుతాయి. మన ఎండల్లో పెట్రోలుకు నిప్పు అందుకునే వేడి ఏడాది పొడవునా ఉన్నట్టే. అందువల్ల "ఇంధన నిల్వ లక్ష కిలోలీటర్లు" అన్న మొత్తం అంకె కన్నా, అందులో పెట్రోలు వాటా ఎంత, అది ఏ ట్యాంకుల్లో ఉంది, ఆ ట్యాంకులు మీ ఇళ్ళవైపు ఉన్నాయా లేక అవతలివైపు ఉన్నాయా అన్నదే మీకు ముఖ్యం.

ట్యాంకు కప్పును కూడా గమనించండి. పెట్రోలు ట్యాంకుకు సాధారణంగా తేలే కప్పు ఉంటుంది. ద్రవం మీద తేలుతూ, మట్టంతో పాటు పైకీ కిందికీ కదిలే ఆ కప్పు వల్ల ఆవిరి పోగుపడే ఖాళీ చోటు మిగలదు. కప్పు అంచుకూ ట్యాంకు గోడకూ మధ్య ఉండే సీలు చెడిపోతే ఆవిరి బయటికి పోతుంది, పిడుగు పడినప్పుడు తొలుత నిప్పు అంటుకునేది కూడా చాలాసార్లు అక్కడే. డీజిలు ట్యాంకులకు శంకువు ఆకారపు స్థిరమైన కప్పు సరిపోతుంది.

రెండో అంచె: ఏ కాగితం ఎవరిస్తారో గుర్తుపెట్టుకోండి

ఒకే టెర్మినల్ మీద నలుగురైదుగురి అధికారం ఉంటుంది, ఒకరిని అడగవలసింది మరొకరిని అడిగితే నెలలు గడిచిపోతాయి. నిల్వ లైసెన్సు, ట్యాంకుల మధ్య దూరాలు, పేలుడు భద్రత నాగపూరు కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ చూసుకుంటుంది; దాన్ని పెసో అంటారు. చమురు సంస్థల భద్రతా ప్రమాణాలను పెట్రోలియం మంత్రిత్వ శాఖ కింది చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ (ఓఐఎస్‌డీ) రూపొందిస్తుంది. ట్యాంకుల అమరికకు 118, అగ్నిమాపక ఏర్పాట్లకు 117, డిపోల్లో నిల్వకు 244 సంఖ్య గల ప్రమాణాలు ఉన్నాయి. కాలుష్యం విషయానికి వస్తే మీరు పట్టుకోవలసిన కాగితాలు ప్రధానంగా మూడు.

మొదటిది పర్యావరణ అనుమతి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ షెడ్యూలులో 6(బి) అంశం కింద ప్రమాదకర రసాయనాల విడి నిల్వ కేంద్రాలు వస్తాయి. నిల్వ ఎంత దాటితే ఈ అనుమతి తీసుకోవాలో తేల్చేది 1989 నాటి ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాల్లోని 2, 3 షెడ్యూళ్ళలోని మూడో నిలువు వరుస. రెండోది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సమ్మతి. 1974 నాటి నీటి చట్టం 25వ సెక్షన్, 1981 నాటి గాలి చట్టం 21వ సెక్షన్ కింద నిర్మాణానికి ముందు ఒకటి, నడపడానికి ముందు ఒకటి తీసుకోవాలి. మన రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్ళు వీటిని వరసగా సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ అంటాయి. మూడోది 2016 నాటి నియమాల కింద ప్రమాదకర వ్యర్థాలకు ఇచ్చే అధీకృత పత్రం. చాలాసార్లు దీన్ని సీఎఫ్‌ఓతో కలిపే ఇస్తారు. సముద్రతీరంలో అయితే తీర ప్రాంత నియంత్రణ అనుమతి కూడా తోడవుతుంది.

వీటిలో ఒకటి ఉంటే మిగతావి ఉన్నట్టేనని ఎవరైనా చెబితే నమ్మకండి. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయిన ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం మండలి సమ్మతులతో ఏళ్ళ తరబడి నడిచింది. తమకు చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని ఆ సంస్థే 2019లో ప్రమాణపత్రంలో ఒప్పుకుంది. అక్కడ ఆవిరి పుట్టింది కూడా ఒక నిల్వ ట్యాంకులోనే.

మూడో అంచె: కాగితాలు తెప్పించుకోండి

పర్యావరణ అనుమతి, దాని దరఖాస్తు, ప్రభావ అంచనా నివేదిక కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ వెబ్‌సైటులో దొరుకుతాయి. సంస్థ పేరుతో వెతికితే దొరకనివి జిల్లా పేరుతో, రంగం పేరుతో వెతికితే దొరకవచ్చు. టెర్మినల్ విస్తరించిన ప్రతిసారీ వేరే అనుమతి ఉంటుంది కనుక ఒక్కటి దొరకగానే ఆగకుండా అన్నిటినీ తేదీల వరుసలో పెట్టుకోండి. అనుమతి పొందిన సంస్థ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదికలు సమర్పించాలి. వాటినీ తీసుకోండి, అసలు సరుకు వాటిలోనే ఉంటుంది.

సమ్మతి పత్రం కోసం మండలి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళండి. ఇక్కడ చాలామందికి తెలియని సదుపాయం ఒకటి ఉంది. నీటి చట్టం 25(6) ప్రకారం మండలి తాను విధించిన షరతుల రిజిస్టరు ఒకటి నిర్వహించాలి, ఆ వ్యర్థజలంతో సంబంధమున్న లేదా దానివల్ల ప్రభావితమయ్యే ఏ వ్యక్తికైనా పని వేళల్లో దాన్ని చూపించాలి. గాలి చట్టం 51వ సెక్షన్‌లోనూ ఇలాంటి రిజిస్టరు ప్రస్తావన ఉంది. నోటితో అడిగితే "సమాచార హక్కు కింద పెట్టుకోండి" అనడం మామూలే. అయినా సెక్షన్ సంఖ్య రాసిన కాగితం ముక్క ఒకటి చేతిలో పెట్టి అడగండి. కొన్నిచోట్ల పని అక్కడే అయిపోతుంది.

కాకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఎలాగూ ఉంది. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. దరఖాస్తులో ప్రశ్నలు వేయకుండా పత్రాలు అడగాలి. "ఆ డిపో వల్ల కాలుష్యం లేదా?" అన్నది ప్రశ్న, దానికి జవాబివ్వవలసిన పని సమాచార అధికారికి లేదు. ఇలా రాస్తే మేలు: "ఫలానా సంస్థకు ప్రస్తుతం అమల్లో ఉన్న నిర్వహణ సమ్మతి ఉత్తర్వు పూర్తి ప్రతి, గత మూడేళ్ళలో మీ సిబ్బంది చేసిన తనిఖీ నివేదికల ప్రతులు, ఆ కాలంలో మీ ప్రయోగశాల విశ్లేషించిన వ్యర్థజల నమూనాల ఫలితాలు, నమూనా తీసిన తేదీ, స్థలం వివరాలతో, జారీ చేసిన షోకాజ్ నోటీసుల ప్రతులు, వాటికి సంస్థ ఇచ్చిన జవాబులు." వాణిజ్య రహస్యమని తిరస్కరిస్తే ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి. మురుగు నీటిలో చమురు ఎంత ఉందన్నది వాణిజ్య రహస్యం కాజాలదు.

నాలుగో అంచె: చదవడం

అనుమతి పత్రంలో ప్రత్యేక షరతులు, సాధారణ షరతులు అని రెండు భాగాలు ఉంటాయి. సాధారణ షరతులు అన్ని సంస్థలకూ దాదాపు ఒకే మూసలో ఉంటాయి, వాటిని ఒకసారి చూస్తే చాలు. ప్రత్యేక షరతులను మాత్రం ఒక నోటు పుస్తకంలో ఎడమవైపు ఒక్కొక్కటిగా రాసుకుని, వాటికి ఎదురుగా అర్ధసంవత్సర నివేదికలో సంస్థ ఏమని రాసిందో రాయండి. "పాటిస్తున్నాము", "గమనించాము", "భవిష్యత్తులో పాటిస్తాము" అన్న మూడు మాటలే ఎక్కువగా కనబడతాయి. "గమనించాము" అన్నది జవాబు కాదు. వరసగా మూడు నివేదికల్లో అదే మాట ఉంటే, మీ అర్జీకి మొదటి అంశం దొరికినట్టే.

ఇక నీటి విషయం, నా ఉద్దేశంలో పొరుగువారు అందరికన్నా బాగా పట్టుకోగలిగినది ఇదే. ట్యాంకుల చుట్టూ తక్కువ ఎత్తు గోడ ఉంటుంది, దాన్ని డైక్ అంటారు. దాని ఎత్తు కనీసం ఒక మీటరు, మించితే రెండు మీటర్లు. ఆ ఆవరణలోని అతిపెద్ద ట్యాంకు పగిలినా అందులోని ఇంధనమంతా ఆ గోడ లోపలే ఆగిపోవాలన్నది నియమం. అయితే ఆ గోడ ఇంధనాన్ని ఆపినట్టే వాన నీటినీ ఆపుతుంది. పెద్ద వాన వెలిసిన మర్నాడు డైక్ లోపల జానెడు నీళ్ళు నిలిచి ఉంటాయి. వాటిని బయటికి పంపడానికి గోడ వెలుపల ఒక వాల్వు అమర్చి ఉంటుంది. మామూలు వేళల్లో అది మూసి ఉండాలి. కాపలా ఉన్న మనిషి నీటి మీద చమురు పొర ఉందో లేదో చూసి, లేకపోతే వాన కాలువలోకి, ఉంటే చమురును వేరుచేసే తొట్టెలోకి నీటిని మళ్ళించి, పని ముగిశాక వాల్వు మళ్ళీ మూయాలి. ఆ చివరి పని మరచిపోతే లక్షలు పోసి కట్టిన గోడ ఉన్నా లేనట్టే, ఆ రాత్రి ఏ ట్యాంకైనా కారితే ఆ ఇంధనం నేరుగా మీ ఊరి కాలువలోకి వస్తుంది. అందుకే ఈ నాలుగు విషయాలు అడగండి: డైక్ వాల్వుకు తాళం ఉందా, అది తెరిచి ఉన్నట్టు కంట్రోల్ రూములో తెలుస్తుందా, ఎవరు ఎప్పుడు తెరిచి ఎప్పుడు మూశారో రాసే పుస్తకం ఉందా, వాన కాలువ చివర టెర్మినల్ ప్రహరీ దాటే చోట చమురును పట్టే ఏర్పాటు ఉందా.

తొట్టెలో చమురు పైకి తేలుతుంది, దాన్ని తీసేసి కింది నీటిని వదులుతారు. పర్యావరణ పరిరక్షణ నియమాల్లోని సాధారణ ప్రమాణాల ప్రకారం వాగులు, చెరువుల్లోకి లేదా సాగు నేలలోకి వదిలే నీటిలో చమురు, జిడ్డు లీటరుకు 10 మిల్లీగ్రాములు, సముద్రంలోకి లేదా ఊరి మురుగు కాలువ వ్యవస్థలోకి అయితే 20 మిల్లీగ్రాములు దాటకూడదు. సమ్మతి పత్రంలో ఇంతకన్నా కఠినమైన అంకె ఉంటే అదే చెల్లుతుంది. నివేదికల్లో ఈ అంకె ఎప్పుడూ హద్దులోపే కనబడుతుంది, అది అబద్ధం కానక్కరలేదు కూడా. మీరు చూడవలసింది నమూనా తీసిన తేదీ. నమూనాలన్నీ జనవరిలోనూ ఏప్రిల్‌లోనూ తీసినవైతే, ఆ తొట్టెకు అసలు పరీక్ష అయిన ఆగస్టు, అక్టోబరు వానల్లో ఏం జరిగిందో ఆ కాగితం చెప్పడం లేదన్నమాట. "వాన పడిన 24 గంటల్లోపు తీసిన నమూనా ఫలితం ఒక్కటి చూపండి" అన్న అభ్యర్థన చిన్నదే, జవాబు చెప్పడం మాత్రం కష్టం.

గాలి నివేదికలోనూ ఇలాంటి మెలిక ఉంటుంది. పట్టిక తీస్తే ధూళి కణాలు, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్ల అంకెలు నీటుగా ఉంటాయి. ఇవి జనరేటర్లు, లారీల నుంచి వచ్చేవి. పెట్రోలు లారీల్లో నింపేటప్పుడు బయటపడే ఆవిరిలో ఉండేది బెంజీన్ లాంటి కర్బన ఆవిర్లు, వాటి వరుసే ఆ పట్టికలో లేకపోవచ్చు. 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ పరిసర గాలి ప్రమాణాల్లో బెంజీన్‌కు వార్షిక సగటు పరిమితి ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. ఆ సగటు తీయడానికి వారానికి రెండుసార్ల చొప్పున ఏడాదికి కనీసం 104 కొలతలు కావాలని అదే ప్రకటన చెబుతుంది. కనుక ఒక్క రోజు కొలిచి "5 కన్నా తక్కువే" అని రాస్తే ఆ పోలిక చెల్లదు. కొలిచే యంత్రం ఎక్కడ పెట్టారో కూడా చూడండి. గాలి ఏడాదిలో ఎక్కువ కాలం నైరుతి నుంచి వీచే చోట యంత్రాన్ని టెర్మినల్‌కు నైరుతిన పెడితే అది కొలిచేది టెర్మినల్ గాలిని కాదు. లారీలను పైనుంచి గొట్టం పెట్టి నింపుతున్నారా, కింది నుంచి నింపుతూ ఆవిరిని పట్టి తిరిగి ద్రవంగా మార్చే ఏర్పాటు ఉందా అన్నదీ ఇక్కడే అడగాలి.

ట్యాంకు అడుగున పేరుకునే మడ్డి గురించి క్లుప్తంగా చెబుతాను. పెట్రోలియం ట్యాంకులు శుభ్రం చేసినప్పుడు వచ్చే మడ్డి 2016 నియమాల మొదటి షెడ్యూలులో మూడో అంశం కింద ప్రమాదకర వ్యర్థమే. దాన్ని ఆవరణలో 90 రోజులకు మించి ఉంచకూడదు, బయటికి పంపే ప్రతి లోడుకూ ఫారం 10 మానిఫెస్టు, అంటే రవాణా పత్రం, ఉండాలి, ఏటా జూన్ 30లోగా వార్షిక రిటర్ను ఇవ్వాలి. ఏ ఏడాది ఏ ట్యాంకు శుభ్రం చేశారు, ఎన్ని టన్నుల మడ్డి వచ్చింది, అది ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రాలున్న పరవాడకో దుండిగల్‌కో చేరినట్టు రసీదు ఉందా అని అడగండి. ట్యాంకు శుభ్రం చేశామని ఒక నివేదికలో, మడ్డి సున్నా అని రిటర్నులో ఉంటే, మిగతాది వారే చెప్పుకోవాలి.

ప్రభావ అంచనా నివేదికలోని ప్రమాద అంచనా అధ్యాయం భయపెట్టేలా కనిపిస్తుంది గాని చదవడం కష్టం కాదు. మంట వేడిని చదరపు మీటరుకు కిలోవాట్లలో లెక్కగట్టి మూడు వలయాలు గీస్తారు. 37.5 అంటే పక్క ట్యాంకులు, యంత్రాలు దెబ్బతినే వేడి, 12.5 అంటే నిప్పురవ్వ తగిలితే కలప అంటుకునే వేడి; 4.5 అంటే ఇరవై సెకన్లలో చర్మానికి నొప్పి పుట్టించే వేడి. ఆ వలయాలను ఊరి పటం మీద వేసి చూపమనండి, బడి, అంగన్‌వాడీ, గుడి ఎక్కడ పడతాయో చూడండి. అయితే మంట ఒక్కటే చూస్తే సరిపోదు. 2009 అక్టోబరు 29న జైపూరు సీతాపురలోని ఇండియన్ ఆయిల్ టెర్మినల్‌లో ఒక వాల్వు దగ్గర పెట్రోలు చిమ్మడం మొదలై గంటకు పైగా ఆగలేదు. ఆవిరి నేల మీద పాకి ఆవరణంతా కమ్ముకుని పేలింది. 11 మంది చనిపోయారు, మంటలు పదకొండు రోజుల దాకా ఆరలేదు. ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్‌లో 2005 డిసెంబరు 11న మట్టం చూపే పరికరం మొరాయించి ట్యాంకు పొంగిపోయినప్పుడు జరిగింది కూడా ఇదే. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, గాలి స్తంభించిన వేళ అది చెదిరిపోక పల్లానికి పారుతుంది. మన దగ్గర 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో వంటగ్యాస్ ఆవిరి మేఘం అంటుకుని సుమారు 60 మంది ప్రాణాలు తీసింది. కాబట్టి నివేదికలో "ఆవిరి మేఘం పేలుడు" అన్న సందర్భాన్ని లెక్కించారా, అదీ గాలి దాదాపు నిలిచిపోయిన రాత్రి వేళకు లెక్కించారా అన్నది తప్పక చూడండి. బన్స్‌ఫీల్డ్‌లో మంటలార్పిన నురుగు నీరు భూగర్భ జలంలోకి ఇంకింది; అందుచేత మంటలార్పిన నీటిని ఎక్కడ ఆపుతారన్న ప్రశ్న కూడా ఈ అధ్యాయానికే చెందుతుంది.

ఐదో అంచె: కొత్తది వస్తున్నా, ఉన్నది పెరుగుతున్నా ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్ళండి

నోటిఫై చేసిన పారిశ్రామిక వాడల్లోపల అయితే దీనికి మినహాయింపు ఉండవచ్చు. మినహాయించామని చెబితే ఏ ఉత్తర్వు ప్రకారమో అడగండి. జరిగే చోట కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలో ప్రకటన రావాలి. ముసాయిదా నివేదిక, దాని తెలుగు సారాంశం కలెక్టరు కార్యాలయం, జిల్లా పరిషత్తు, పంచాయతీ లేదా మునిసిపాలిటీ, జిల్లా పరిశ్రమల కేంద్రం, మండలి ప్రాంతీయ కార్యాలయంలో అందుబాటులో ఉంచాలి. తెలుగు సారాంశాన్ని తెలుగు తెలిసినవారే ఎంతో ఓపికగా చదవాలి, అనువాదం అలా ఉంటుంది. ఏ వాక్యమైనా అర్థం కాకపోతే ఆ వాక్యాన్నే వేదిక మీద చదివి వివరించమనండి.

సభకు కలెక్టరు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి గాని అధ్యక్షత వహించాలి. కోరం నిబంధన లేదు, అంటే పదిమందే వచ్చినా సభ సాగుతుంది. అందుకే బహిష్కరించి ఇంట్లో కూర్చోవడం నాకు మంచి పద్ధతిగా తోచదు. మీరు లేని సభ రికార్డులో "అభ్యంతరాలు రాలేదు" అని ఉంటుంది. ఉద్యోగాల గురించీ రోడ్ల గురించీ అందరూ మాట్లాడతారు, ఆ మాటలూ అవసరమే. మీ వంతు వచ్చినప్పుడు మాత్రం పేజీ సంఖ్య చెప్పి రెండు మూడు ప్రశ్నలు అడిగి, వాటినే రాతపూర్వకంగా కూడా ఇచ్చి, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. సభంతా వీడియో తీయాలి, చివర్లో కార్యక్రమ సంగ్రహాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఆ చదివే వేళకు కుర్చీలు ఖాళీ అయిపోతుంటాయి. మీలో ఇద్దరైనా ఆగి, మీ ప్రశ్న అందులో ఉందో లేదో విని, లేకపోతే అప్పుడే లేచి చెప్పండి.

ఆరో అంచె: నీరు పాడైందని అనుమానం వస్తే

బావి నీళ్ళ మీద రంగురంగుల పొర కనబడితే ఒక పుల్లతో కదిపి చూడండి. పలకలు పలకలుగా విరిగితే అది ఇనుము తెచ్చిన సూక్ష్మజీవుల పొర కావచ్చు. విడిపోయి మళ్ళీ సాగి కలుసుకుంటే చమురు అనుకోవచ్చు. కిరోసిన్ వాసన వస్తే ఆ నీళ్ళు తాగడం, వంటకు వాడడం అప్పుడే ఆపేయండి, కాచినా ప్రయోజనం లేదు.

పరీక్షకు పంపేటప్పుడు ప్లాస్టిక్ సీసా వాడకూడదు, చమురు దాని గోడలకు అంటుకుపోతుంది. వెడల్పు మూతి గాజు సీసా తీసుకోండి. అన్ని సీసాలనూ అదే నీళ్ళతో తొలిచి నింపడం మన అలవాటు, చమురు పరీక్షకు మాత్రం అలా తొలవకూడదు. బెంజీన్ పరీక్షకు ప్రయోగశాల వారే చిన్న గాజు సీసాలు ఇస్తారు. వాటిలో గాలి బుడగ మిగలకుండా నింపి మూయాలి, లేకపోతే బెంజీన్ ఆ బుడగలోకి చేరిపోతుంది. సీసాలను ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు అందజేయండి. తాగునీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు.

మీ సీసా ఫలితం కోర్టులో సాక్ష్యంగా నిలవడం కష్టమని ముందే తెలుసుకోండి. నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం మండలి అధికారి సంస్థకు నోటీసు ఇచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి తీసినప్పుడే అది చట్టం ముందు చెల్లుతుంది. మీ ఫలితం ఉపయోగపడేది ఆ అధికారిని కదిలించడానికి. దాన్ని జతచేసి, తేదీ, వేళ, చోటు, ముందురోజు వాన పడిందా లేదా అన్న వివరాలతో మండలికి రాసి, 21వ సెక్షన్ కింద నమూనా తీయమని కోరండి. అప్పటికీ కదలిక లేకపోతే, నీటి చట్టం 49వ సెక్షన్, పర్యావరణ పరిరక్షణ చట్టం 19వ సెక్షన్ ప్రకారం 60 రోజుల నోటీసు ఇచ్చి ఎవరైనా నేరుగా కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. ఆ నోటీసు అందగానే కొన్ని కార్యాలయాల్లో జీపు బయలుదేరడం నేను చూశాను.

ఏడో అంచె: హరిత ట్రిబ్యునల్ గడువులు

రెండు తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం వింటుంది. పర్యావరణ అనుమతి మీద అప్పీలుకు 30 రోజుల గడువు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. అది దాటితే ఎంత మంచి వాదన ఉన్నా వినరు. అనుమతి వచ్చాక సంస్థ స్థానిక పత్రికల్లో ప్రకటించాలి కాబట్టి, సభ జరిగిన నాటి నుంచి పత్రికల ప్రకటనల పేజీ చూసే పని ఎవరో ఒకరికి అప్పగించండి. అనుమతితో సంబంధం లేని ఇతర పర్యావరణ వివాదాలకు ఆరు నెలలు, నష్టపరిహారానికి ఐదేళ్ళు గడువు. పరిహారం అడగని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలు. న్యాయవాది లేకుండా కూడా వెళ్ళవచ్చు గాని, చెన్నై ఖర్చుల కన్నా ముందు చూసుకోవలసింది షరతు సంఖ్యలతో మీ నోటు పుస్తకం సిద్ధంగా ఉందా అన్నది.

ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే, ఆస్తి పోతే, 1991 నాటి ప్రజా బాధ్యతా బీమా చట్టం కింద ఎవరి తప్పో నిరూపించనక్కరలేకుండానే కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి గడువు ఐదేళ్ళు.

ఎనిమిదో అంచె: సైరన్ మోగక ముందే

ముందు చెప్పిన 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాల కింద సంస్థ తన లోపలి అత్యవసర ప్రణాళికను ఆరు నెలలకు ఒకసారి, జిల్లా యంత్రాంగం ఊరికి సంబంధించిన బయటి ప్రణాళికను ఏడాదికి ఒకసారైనా మాక్ డ్రిల్‌తో పరీక్షించాలి. పొరుగువారికి ప్రమాద స్వభావం, పాటించవలసిన జాగ్రత్తలు తెలియజేయడం కూడా సంస్థ బాధ్యతే. 1996 నాటి రసాయన ప్రమాదాల నియమాల ప్రకారం జిల్లా సంక్షోభ నివారణ బృందం 45 రోజులకు ఒకసారి, స్థానిక బృందం నెలకు ఒకసారి సమావేశం కావాలి. ఆ సమావేశాల మినిట్సు అడగండి, వచ్చే మాక్ డ్రిల్ గేటు లోపల కాకుండా మీ వీధిలో జరపమని కోరండి.

అప్పుడు సంస్థ వారితో రెండు సంగతులు తేల్చుకోండి. ప్రమాద సైరన్ ఎలా మోగుతుంది, ప్రమాదం తీరిందని చెప్పే సైరన్ ఎలా మోగుతుంది; ఈ రెంటినీ బడిలో పిల్లలకు వినిపించి గుర్తుపట్టించండి. రెండోది, గాలి ఎటు వీస్తుందో చూపే గుడ్డ గొట్టం ఊరివైపు నుంచి కనబడేలా ఒకటి పెట్టించండి. రాత్రి పూట పెట్రోలు వాసన ఒక్కసారిగా దట్టమై, నేల మీద పొగమంచులా తెల్లగా పాకుతున్నట్టు కనిపిస్తే, లైటు స్విచ్చి వేయకండి, తీయకండి, పొయ్యి వెలిగించకండి, బండి స్టార్టు చేయకండి. గాలికి ఎదురుగా కాదు, గాలి వెంట కాదు, గాలికి అడ్డంగా, పల్లం వైపు పోకుండా మెరక వైపు నడిచి వెళ్ళండి. ఫోను చేయవలసింది అక్కడికి చేరాకే.